‘శ్రీరస్తు’ కోసే ముందు

పెళ్లి మండపం ముందు పెట్టే బోర్డుకి ‘శ్రీరస్తు’ అన్న ఒక్క మాట అట్టలో కోసి చూడండి. తెలుగు అక్షరంలో ఎన్ని విడి ముక్కలుంటాయో అప్పుడు తెలుస్తుంది. శకారాన్ని చుట్టుకునే క్రావడి, ‘స’ మీద ఎక్కడా ఆనకుండా నిలిచే తలకట్టు, దాని కింద తకారపు ఒత్తు. ఇంగ్లీషులో చిన్న ‘ఐ’, చిన్న ‘జే’ల మీది చుక్కలు తప్ప రాలిపోయే ముక్క లేదు. క్రాఫ్ట్ కటింగ్ మెషీన్ల గురించి దొరికే చిట్కాల్లో ఎక్కువ భాగం ఆ లిపి కోసం చెప్పినవే. సికింద్రాబాద్‌లో పెళ్లి బోర్డులు, బారసాల తోరణాలు, గృహప్రవేశం స్టిక్కర్లు చేసే నాలాంటివాళ్లకి అవి చాలవు. మన అక్షరాన్ని మెషీన్‌కి అప్పగించే ముందు మనమే సిద్ధం చేసుకోవాలి.

క్రికట్ కానివ్వండి, సిలుయెట్ కామియో కానివ్వండి, ఈ మెషీన్లకి అక్షరం తెలియదు. తెలిసింది గీత ఒక్కటే. గీత ఎటు తిరిగితే బ్లేడు అటు తిరుగుతుంది. యూనికోడ్‌లో ‘స్తు’ అంటే స, పొల్లు, త, కొమ్ము అనే నాలుగు సంకేతాల వరస. వాటిని కలిపి ఒక్క రూపంగా పేర్చే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉంటేనే ఒత్తు కిందికి దిగుతుంది. లేకపోతే పొల్లు పొల్లుగానే, ‘తు’ పక్కనే ఉండిపోతాయి. కోత సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేయవద్దని నేను చెప్పేది అందుకే.

నేను ఇంక్‌స్కేప్ వాడతాను. 2003లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, తెలుగు ఒత్తుల్ని సరిగ్గా పేరుస్తుంది. మాట టైపు చేసి, ఫాంటు, సైజు కుదిరాక ‘పాత్’ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి. ఆ క్షణం నుంచి అది టెక్స్టు కాదు, బొమ్మ. గ్రూపు విడదీసి, అన్నిటినీ ఎంచుకుని ‘యూనియన్’ చెయ్యండి. కోరల్‌డ్రాలోనూ కోత సాఫ్ట్‌వేర్లలోనూ దీన్నే వెల్డ్ అంటారు. ఈ పని మానేస్తే క్రావడి శకారం మీదికి ఎక్కినచోట రెండు గీతలూ విడివిడిగా ఉండి, బ్లేడు అక్షరం మధ్యలోంచి కోసేస్తుంది. తెర మీద రెండూ ఒకే నలుపు కాబట్టి కంటికి ఆనదు. ‘వ్యూ’ మెనూలో అవుట్‌లైన్ పద్ధతికి మారిస్తే రంగు పోయి గీతలే మిగులుతాయి. బ్లేడు చూసేది ఆ రూపాన్నే. నేను ఒక్క ఫైలు కూడా ఈ చూపు చూడకుండా పంపను.

ఇక రాలిపోయే ముక్కల సంగతి. ఇంక్‌స్కేప్ 1.3 నుంచి ‘స్ప్లిట్ పాత్’ అనే ఆజ్ఞ వచ్చింది. ఒకదానికొకటి తగలని ముక్కల్ని, లోపలి రంధ్రాలు చెడకుండా, విడగొట్టి ఇస్తుంది. ఎన్ని ముక్కలయ్యాయో కింది పట్టీలో కనిపిస్తుంది. గోడకి అంటించే వినైల్ అయితే ఎన్ని ముక్కలైనా భయం లేదు, ట్రాన్స్‌ఫర్ టేప్ అన్నిటినీ ఉన్నచోటే పట్టుకుంటుంది. కేక్ మీద గుచ్చే పేరుకీ, దారంతో వేలాడదీసే అట్ట అక్షరాలకీ ఆ వీలు లేదు. చాలామంది తలకట్టుని కిందికి జరిపి అక్షరానికి అతికిస్తారు. నాకది నచ్చదు. ‘ప’ తలకట్టుని తెచ్చి అతికిస్తే అది ‘వ’ వైపు జరుగుతుంది. పద్మ వద్మ అయితే పెళ్లికూతురి ముఖం ఎలా చూస్తాం? అంతకంటే మాట మొత్తం చుట్టూ ‘ఆఫ్‌సెట్’తో నాలుగైదు మిల్లీమీటర్ల అంచు తీసి, దాన్ని వేరే రంగు అట్టలో కోసి, దాని మీద అక్షరాల్ని అంటించడం మేలు. తలకట్టు తన చోట తను ఉంటుంది, బోర్డుకి నిండుతనమూ వస్తుంది.

స్టెన్సిల్‌కి లెక్క తిరగబడుతుంది. అక్కడ అక్షరం రంధ్రం, చుట్టూ ఉన్నది మిగిలే వస్తువు. ‘ర’ కడుపు, సున్నా మధ్యభాగం ఊడి చేతిలోకొస్తాయి. ఆ మధ్యభాగాన్ని బయటి అట్టకి కలుపుతూ సన్నటి వారధులు వదలాలి. అవి ఎదురెదురుగా రెండుంటే రంగు అద్దేటప్పుడు లేవకుండా ఉంటుంది.

ఫాంటు విషయంలో మనం అదృష్టవంతులం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటితో చేసిన వస్తువుని అమ్ముకోవడానికీ అడ్డు లేదు. అట్టలో కోయడానికి రామభద్ర లాంటి లావు ఫాంటే తీసుకోండి. సన్నటి ఫాంటు తెర మీద అందంగా ఉంటుంది, మ్యాట్ మీంచి లేపేటప్పుడు ఒత్తు దగ్గర చిరుగుతుంది. ఎంత సన్నం వరకు ఆగుతుందో అట్టని బట్టి మారుతుంది కాబట్టి, పెద్ద కోతకి ముందు మూలన ఒక్క ‘క్ష’ కోసి చూస్తాను.

ఈ విద్యలో మనకంటే ముందున్నవాళ్లు బండ్ల మీద రేడియం స్టిక్కర్లు కోసే మాస్టర్లు. ఆటో వెనక అమ్మవారి పేరు చెదరకుండా కోసేవాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. “ఫాంటు కాదు మేడమ్, కర్వ్స్ చేసి పంపుండ్రి” అని ఒకాయన చెప్పిన మాటే నాకు మొదటి పాఠం. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనబడతాయి. అందుకని కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి, కర్వ్స్‌గా మార్చి ఇమ్మని ముందే అడగాలి.

సైజు కూడా ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మారుతుంటుంది. డిజైన్ పక్కన సరిగ్గా 1 అంగుళం చదరం గీసి పెడతాను, కోత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాక అది 1 అంగుళమే ఉందా అని చూసి తీసేస్తాను. చీరకో టీషర్టుకో ఇస్త్రీతో అంటించే వినైల్ అయితే మిర్రర్ నొక్కడం మరవకండి.

పాత్‌గా మార్చకముందు ఫైలుని వేరే పేరుతో దాచుకోండి. పెళ్లివారు ముహూర్తానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి ‘శ్రీలత’ కాదు ‘శ్రీలలిత’ అంటారు. బొమ్మగా మారిన అక్షరాల్లో ఇంకో ‘లి’ టైపు చేయడం కుదరదు.