క్వాంటమ్‌కూ కొరుకుడుపడని లెక్కలున్నాయి

హైదరాబాద్‌లో నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఇదే మాట: "క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒక్కసారే చూసేస్తుందట, దానికి కష్టమైన లెక్కే లేదట." అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) యంత్రం పెడుతుందని 2025లో ప్రకటించాక ఈ మాటకు రెక్కలొచ్చాయి. దాన్ని చూపించి నాలుగు వారాల కోర్సులకు వేలకు వేలు గుంజుతున్నారు. లీనియర్ ఆల్జీబ్రా, అల్గారిథమ్స్ ఇంకెందుకని రెండో ఏడాది పిల్లలు అడుగుతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అన్ని జవాబులూ సూపర్‌పొజిషన్‌లో, అంటే ఒకేసారి కలగలిసిన స్థితిలో, ఉంటాయన్న మాట నిజమే. కానీ కొలిచిన మరుక్షణం చేతికొచ్చేది ఒక్కటే, ఏది వస్తుందో మన ఇష్టం కాదు. సరైనది పైకి రావాలంటే ఆ లెక్కలో పట్టుకోదగ్గ అమరిక ఏదో ఉండాలి. లేకపోతే 1996లో గ్రోవర్ చెప్పిన పద్ధతే దిక్కు. చిందరవందరగా ఉన్న 100 కోట్ల పేర్లలో ఒకటి వెతకడానికి దానికి సుమారు 25 వేల సార్లు చూడాలి. గొప్ప ఆదానే, కానీ "ఒక్కసారే" ఎక్కడుంది?

ఇంతకన్నా గట్టి సాక్ష్యం క్వాంటమ్ ఇంట్లోనే ఉంది. రెండు క్వాంటమ్ సర్క్యూట్ల వివరాలు పూర్తిగా మన ముందున్నాయనుకోండి. అవి ఏ ఇన్‌పుట్ ఇచ్చినా దాదాపు ఒకేలా పనిచేస్తాయా, లేక ఎక్కడో ఒకచోట స్పష్టంగా విడిపోతాయా? ప్రశ్న ఇంతే. రెంటినీ నడిపి చూస్తే పోలేదా అంటారు. ఏ ఇన్‌పుట్‌తో నడుపుతారు? తేడా తేటతెల్లం కావాలంటే కొన్నిసార్లు విడిగా ఉంచుకున్న క్యూబిట్లతో ఎంటాంగిల్ అయిన (విడదీయలేనట్టు ముడిపడిన) ఇన్‌పుట్టే కావాలి. పోనీ ప్రక్రియ మొత్తాన్నీ కొలిచి రాసుకుందామంటే 10 క్యూబిట్లకే లక్ష కోట్ల పైచిలుకు సంఖ్యలు తేలతాయి. కొన్ని క్యూబిట్లను మధ్యలో వదిలేసే సర్క్యూట్ల విషయంలో ఈ ప్రశ్న ఎంత కష్టమో 2005లో బిల్ రోస్గెన్, జాన్ వాట్రస్ చూపించారు. తర్వాత రాహుల్ జైన్, జెంగ్‌ఫెంగ్ జీ, సర్వజ్ఞ ఉపాధ్యాయ్, వాట్రస్ కలిసి 2009లో రుజువు చేసిన ఫలితంతో దాని స్థానం తేలిపోయింది: పీస్పేస్ (సమయం ఎంత పట్టినా ఓ మోస్తరు మెమరీతో తేల్చగల లెక్కల) తరగతిలోని అతి కష్టమైన లెక్కల సరసన. ఏమీ వదలని శుద్ధ సర్క్యూట్లకు కష్టం కొంత తగ్గుతుంది గానీ సులువైపోదు. ఇలాంటి లెక్కలను క్వాంటమ్ యంత్రం కూడా త్వరగా తేల్చలేదన్నదే నిపుణుల దృఢమైన అంచనా, పూర్తి రుజువు ఇంకా రావాల్సి ఉన్నా.

ఇక క్వాంటమ్ వస్తే ల్యాప్‌టాప్‌లు మూలపడతాయనడం అబద్ధం. క్వాంటమ్ యంత్రాన్ని నడిపించేదే మామూలు కంప్యూటర్.

బ్యాంకుల ఎన్‌క్రిప్షన్ తాళాలను క్వాంటమ్ తెరిచేస్తుందని భయపడేవాళ్ల మాటను మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టి అలాంటి తాళాలను తెరిచే దారిని పీటర్ షోర్ 1994లోనే చూపాడు. ఆ లెక్కలో కావలసిన అమరిక ఉంది. ఇప్పటి యంత్రాలకు అంత సత్తా లేదు. అయినా ముందుజాగ్రత్తగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలు విడుదల చేసింది. అందుకని డిపాజిట్లు తీసేసుకోనక్కర్లేదు.

పిల్లలకు చెప్పేదొకటే: మాత్రికలు, సంభావ్యత, అల్గారిథమ్స్ ముందు గట్టిగా నేర్చుకోండి. క్వాంటమ్ ప్రోగ్రాములు రాసే కిస్కిట్ ఉచితం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. కోర్సుకు ఫీజు కట్టేముందు క్వాంటమ్ చేయలేనిదేమిటో కూడా చెబుతారా అని అడగండి. తెల్లమొహం వేస్తే లేచి వచ్చేయండి. "క్వాంటమ్" పేరు పెట్టుకున్న యాప్ ఏదో డబ్బు రెట్టింపు చేస్తుందని నమ్మి ఇంట్లో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.