కీబోర్డా... కుర్చీయా?

సైబర్ సెక్యూరిటీలో చేరిన ఐదారేళ్లకు చాలామందికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. టెక్నికల్‌గానే కొనసాగాలా? మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలా? ఇంట్లోవాళ్లయితే 'ఇంకా మేనేజర్ కాలేదా?' అని అడిగేస్తారు. తొందరపడేముందు రెండు దారులూ ఎలా ఉంటాయో చూద్దాం.

హ్యాండ్స్-ఆన్ అంటే ఇష్టమా?

సీనియర్ ఇంజినీర్, సెక్యూరిటీ ఆర్కిటెక్ట్, ప్రిన్సిపల్ ఇంజినీర్... టెక్నికల్ దారి ఇలా పైకి వెళ్తుంది. టీమ్ లీవులు, అప్రైజల్స్ చూడక్కర్లేదు. కానీ లీడర్‌షిప్ తప్పదు. సిస్టమ్ ఎలా కట్టాలి, లోపం ఎక్కడుంది అన్నది తేల్చి చెప్పాల్సింది వీళ్లే. ఓఎస్‌సీపీ పరీక్షలో దాదాపు 24 గంటలు మెషీన్లతో కుస్తీ పట్టాలి, ఆపైన రిపోర్టూ రాయాలి. అలాంటి పని కిక్ ఇస్తుందంటే ఇది మీ దారే. చిక్కల్లా ఒకటే. టెక్నాలజీ మారినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

బోర్డు రూమ్‌కు వెళ్తారా?

ఈ దారిలో పై మెట్టు చీఫ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆఫీసర్, అదే సిసో. 1994లో రష్యా నుంచి హ్యాకర్లు సిటీబ్యాంక్ ఖాతాల్లోకి చొరబడ్డాక, 1995లో ఆ సంస్థ స్టీవ్ కాట్జ్‌ను తీసుకుంది. ప్రపంచంలో తొలి సిసో ఆయనే అంటారు. రిస్క్‌ని రూపాయల్లోకి మార్చి చెప్పడం, బడ్జెట్ సాధించడం, ఆడిట్లు దాటించడం ఈ ఉద్యోగంలో ముఖ్యమైన పనులు. మన దగ్గర సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్నది 2022 నాటి ఆదేశం. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, సరైన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు.

జీతంతోపాటు బాధ్యతా పెరుగుతుంది. 2016లో ఉబర్‌లో జరిగిన డేటా చోరీని దాచారన్న కేసులో మాజీ సెక్యూరిటీ చీఫ్ జో సలివాన్‌ను 2022లో అమెరికా కోర్టు దోషిగా తేల్చింది. మరుసటి ఏడాది ఆయనకు మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

ముందు రుచి చూడండి

డిజిగ్నేషన్ మారకముందే ఒక ఇన్సిడెంట్‌ను మీరే లీడ్ చేయండి. జరిగిందేంటో టెక్నాలజీ తెలియనివాళ్లకు ఒక్క పేజీలో రాసివ్వండి. ఇద్దరు జూనియర్లకు పని నేర్పండి. ఆ వారంలో మీకు ఏది భారం అనిపించిందో, ఏది హుషారిచ్చిందో గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం కంపెనీ చేతిలో ఉంటుంది. చాలాచోట్ల టెక్నికల్ నిచ్చెనకు పై మెట్లే ఉండవు. అందుకే ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఈ ఒక్కటీ అడగండి: 'మేనేజర్ కాకుండా ఇక్కడ ఎంత పైకి వెళ్లొచ్చు?'