ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మర్ల రూపకల్పన

ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు అనగా బజారులో సిద్ధంగా దొరికే ప్రామాణిక ట్రాన్స్‌ఫార్మరు ఒక అవసరానికి సరిపోనప్పుడు, ఆ అవసరానికి తగిన వోల్టేజి, సామర్థ్యము, కొలతలతో విడిగా రూపొందించి తయారుచేసిన ట్రాన్స్‌ఫార్మరు. దీనిని సమకూర్చుకొనుటకు రెండు మార్గాలున్నవి. మొదటిది, వాడుకదారుడే లెక్కలు వేసి, రేకులు, తీగ కొని చుట్టించుకొనుట. రెండవది, అవసరాలను వివరంగా వ్రాసియిచ్చి తయారీ సంస్థచేత రూపకల్పనతో సహా చేయించుకొనుట. కొన్ని వందల వోల్ట్ ఆంపియర్ల లోపు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు మొదటి మార్గము సాధ్యమే. 11 కిలోవోల్టుల లైనుకు కలిపే ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో రెండవ మార్గమే సురక్షితము.

చరిత్ర

ట్రాన్స్‌ఫార్మరుకు ఆధారమైన విద్యుదయస్కాంత ప్రేరణను మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. 1885లో హంగరీ రాజధాని బుడాపెస్టులోని గంజ్ కర్మాగారానికి చెందిన జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన కోరు గల ట్రాన్స్‌ఫార్మరును రూపొందించారు. 1886లో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ పట్టణంలో విలియం స్టాన్లీ ట్రాన్స్‌ఫార్మర్ల సహాయంతో విద్యుత్ పంపిణీ చేసి చూపాడు.

మూలసూత్రము

ఇనుప రేకులతో పేర్చిన కోరుపై రెండు చుట్టలు ఉంటాయి. విద్యుత్తు ఇచ్చేది ప్రాథమిక చుట్ట, విద్యుత్తు తీసుకొనేది గౌణ చుట్ట. రెండు వోల్టేజీల నిష్పత్తి వాటి చుట్ల సంఖ్యల నిష్పత్తికి సుమారుగా సమానము. అయితే ఈ నిష్పత్తి ఒక్కటే తెలిసినంత మాత్రాన రూపకల్పన పూర్తికాదు. ఒక్కొక్క వోల్టుకు ఎన్ని చుట్లు కావాలన్నది పౌనఃపున్యము, కోరు అడ్డుకోత వైశాల్యము, అభివాహ సాంద్రతలపై ఆధారపడుతుంది. 4.44ను ఈ మూడింటితో గుణించగా వచ్చేది ఒక చుట్టుకు లభించే వోల్టేజి.

చుట్లు మరీ తగ్గితే కోరు అయస్కాంత సంతృప్తతకు చేరి, లోడు లేకున్నను ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది. చుట్లు అనవసరంగా పెరిగితే రాగి ఖర్చు, నిరోధము, వోల్టేజి పతనము పెరుగుతాయి. ఈ రెండింటి మధ్య సమతూకము సాధించుటయే రూపకల్పన.

ఒక చిన్న ఉదాహరణ

అమెరికా నుండి తెచ్చుకున్న, 120 వోల్టులతో పనిచేసే ఒక చిన్న ఉపకరణాన్ని మన ఇళ్ళలోని 230 వోల్టులపై వాడుటకు 100 వోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు కావాలనుకుందాం. కోరు నికర వైశాల్యము 12 చదరపు సెంటీమీటర్లు, అభివాహ సాంద్రత 1.2 టెస్లా, పౌనఃపున్యము 50 హెర్ట్జులు అయినచో:

* ఒక చుట్టుకు సుమారు 0.32 వోల్టు, అనగా ఒక వోల్టుకు సుమారు 3.13 చుట్లు.
* ప్రాథమిక చుట్టలో సుమారు 720 చుట్లు.
* గౌణ చుట్టలో 376 చుట్లు. లోడులో కలిగే పతనానికి 5 శాతం కలిపితే సుమారు 394.
* గౌణ ప్రవాహము 0.83 ఆంపియరు. చదరపు మిల్లీమీటరుకు 2.5 ఆంపియర్ల చొప్పున 0.65 మిల్లీమీటర్ల వ్యాసము గల రాగి తీగ సరిపోతుంది.
* ప్రాథమిక ప్రవాహము నష్టాలతో కలిపి సుమారు 0.48 ఆంపియరు. దీనికి 0.5 మిల్లీమీటర్ల తీగ చాలును.

తరువాత ఈ తీగ, ఇన్సులేషను కాగితము కలిసి కోరు కిటికీలో పడతాయో లేదో చూడాలి. పట్టకపోతే పెద్ద కోరు తీసుకొని లెక్క మళ్ళీ మొదలుపెట్టాలి. రూపకల్పన ఇట్లు రెండు మూడు సార్లు తిరిగి చేయవలసి వచ్చుట సహజము. ప్రాథమిక, గౌణ చుట్టల మధ్య ఇన్సులేషను విషయంలో పొదుపు పనికిరాదు. అది చెడితే 230 వోల్టుల లైను తిన్నగా ఉపకరణానికి, దానిని పట్టుకున్న మనిషికి చేరుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చునే గాని పౌనఃపున్యాన్ని మార్చదు. అమెరికాలో పౌనఃపున్యము 60 హెర్ట్జులు. ఆ పౌనఃపున్యానికి చేసిన ఉపకరణంలోని ట్రాన్స్‌ఫార్మరును అదే వోల్టేజితో 50 హెర్ట్జులపై నడిపితే కోరులో అభివాహము 1.2 రెట్లు అవుతుంది. 1.4 టెస్లా వద్ద పనిచేయవలసిన కోరు 1.68 టెస్లాకు చేరుతుంది. వోల్టేజి సరిగా ఉన్నప్పటికీ కొన్ని ఉపకరణాలు కాలిపోవుటకు ఇది ఒక కారణము.

చోడవరం ప్రాంతంలో అవసరాలు

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని చోడవరం, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఇది వరి, చెరకు పండే ప్రాంతము. చోడవరం మండలంలోని గోవాడలో సహకార చక్కెర కర్మాగారము నెలకొల్పబడినది. ఈ ప్రాంతానికి విశాఖపట్నం కేంద్రంగా గల ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ విద్యుత్తును సరఫరా చేస్తుంది. పొలాల మోటార్లకు విద్యుత్తునిచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు ఆ సంస్థవే. 11 కిలోవోల్టుల వద్ద విద్యుత్తు తీసుకొనే మిల్లులు, కర్మాగారాలు మాత్రము తమ ఆవరణలో సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకొంటాయి. చేయించుటా, సిద్ధంగా ఉన్నది కొనుటా అన్న ప్రశ్న వీరికి ఎదురవుతుంది.

సాధారణ మోటార్ల లోడుకు 63, 100, 160, 250 కేవీఏ వంటి ప్రామాణిక సామర్థ్యము గల ట్రాన్స్‌ఫార్మరు చాలును. మోటార్ల వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవులు ఎక్కువగా ఉన్నచోట హార్మోనిక్ ప్రవాహాల వలన అదనపు వేడి పుట్టును కనుక ప్రత్యేక రూపకల్పన అవసరము కావచ్చును. కర్మాగారము సొంతంగా విద్యుత్తును ఉత్పత్తి చేసుకొనేటప్పుడు జనరేటరు వోల్టేజి, లైను వోల్టేజి ప్రామాణిక జతగా లేకున్నను ఇదే పరిస్థితి.

ప్రామాణిక సామర్థ్యానికి మరొక లాభము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరము దాటినప్పుడు ఈ ప్రాంత విద్యుత్ వ్యవస్థ తీవ్రంగా దెబ్బతిన్నది. అటువంటి సమయంలో ప్రామాణిక ట్రాన్స్‌ఫార్మరును మరొక ఊరి నుండి తెచ్చి బిగించవచ్చును. ప్రత్యేకంగా చేయించినది పాడైతే మళ్ళీ తయారయ్యే వరకు పని ఆగిపోతుంది.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను సొంతంగా చేయరాదనుటకు కారణాలు

11 కిలోవోల్టులను 433 వోల్టులుగా మార్చే డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మరులో ఒక ఫేజు చుట్ల నిష్పత్తి 44. ఈ లెక్క విద్యార్థి కూడా చేయగలడు. కష్టము వేరొకచోట ఉన్నది. ఇంపిడెన్సు 4.5 శాతం గల ట్రాన్స్‌ఫార్మరు టెర్మినళ్ళ వద్ద షార్ట్ సర్క్యూట్ జరిగితే, పూర్తి లోడు ప్రవాహానికి 22 రెట్లు ప్రవహించవచ్చును. చుట్టలపై బలము ప్రవాహ వర్గానికి అనుపాతంలో ఉండును కనుక అది సుమారు 490 రెట్లు అవుతుంది. ఆ దెబ్బకు చుట్టలు కదలకుండా బిగించుట, పిడుగుల వోల్టేజికి ఇన్సులేషను నిలుచునట్లు చేయుట, లోపలి తేమను పూర్తిగా ఆరబెట్టుట కర్మాగారంలో మాత్రమే వీలగు పనులు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును తిరిగి చుట్టించేటప్పుడు కూడ ఈ విషయాలు గుర్తుంచుకోవాలి. అల్యూమినియము నిరోధకత రాగికి సుమారు 1.6 రెట్లు. రాగి స్థానంలో అదే మందము గల అల్యూమినియము తీగ చుట్టితే చుట్టలలో నష్టము, వేడి అదే మేరకు పెరుగుతాయి. నూనెలో ముంచిన కాగితపు ఇన్సులేషను ఆయుష్షు, ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారి సుమారు సగమవుతుంది.

ప్రమాణాలు, పరీక్షలు

భారతదేశంలో పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు ఐఎస్ 1180, పవర్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఐఎస్ 2026 వర్తిస్తాయి. 2015లో వెలువడిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ద్వారా పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయినది. చుట్ల నిష్పత్తి, చుట్టల నిరోధము, ఇంపిడెన్సు, నష్టాలు, ఇన్సులేషను పరీక్షలు ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు చేస్తారు. 11 కిలోవోల్టుల చుట్ట 28 కిలోవోల్టులను 1 నిమిషము పాటు తట్టుకోవాలి. ఉష్ణోగ్రత పెరుగుదల, పిడుగు వోల్టేజి వంటి పరీక్షలు ఒక్కొక్క నమూనాకు జరుపుతారు. 1960లో స్థాపించబడిన, బెంగళూరు కేంద్రంగా గల కేంద్రీయ విద్యుత్ పరిశోధనా సంస్థ ఇటువంటి పరీక్షలు నిర్వహిస్తుంది.

కొనుగోలుదారుడు వ్రాయవలసిన వివరాలు

రూపకల్పనను తయారీదారునికి వదిలినను, ఏమి కావాలో తెలుపవలసిన బాధ్యత కొనుగోలుదారునిదే. ఇక్కడ జరిగిన పొరపాటును ఎంత మంచి తయారీదారుడైనా సరిదిద్దలేడు. ముఖ్యమైన వివరాలు ఇవి:

* సామర్థ్యము, రెండు వైపుల వోల్టేజీలు, ఫేజుల సంఖ్య, పౌనఃపున్యము
* చుట్టల కలయిక, ఇంపిడెన్సు, ట్యాపింగులు
* లోడు స్వభావము, హార్మోనిక్సు, రోజులో నడిచే గంటలు
* ప్రదేశపు గరిష్ఠ ఉష్ణోగ్రత, సముద్రపు ఉప్పుగాలి ప్రభావము
* అనుమతించదగిన నష్టాలు, కోరదగిన పరీక్షలు

ఖర్చు అంచనా

కొనుగోలు ధర ఒక్కటే చూచుట సరికాదు. కోరు నష్టము లోడు లేకున్నను జరుగుతుంది. చుట్టలలోని నష్టము మాత్రము లోడు వర్గానికి అనుపాతంలో మారుతుంది. సంవత్సరమంతా లైనుకు కలిపి ఉంచే రెండు ట్రాన్స్‌ఫార్మర్ల కోరు నష్టాలలో 100 వాట్ల తేడా ఉంటే, సంవత్సరానికి 876 యూనిట్లు, 25 సంవత్సరాలలో 21,900 యూనిట్లు వృథా అవుతాయి. సీజనులో మాత్రమే నడిచే మిల్లులు, మిగిలిన నెలలలో ట్రాన్స్‌ఫార్మరును లైనుకు కలిపి ఉంచితే, ఏ పనీ జరగకుండానే ఈ నష్టాన్ని భరిస్తాయి. అటువంటి చోట కోరు నష్టము తక్కువగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ధర ఎక్కువైనను చివరకు చౌక పడవచ్చును.

ఎంపిక

చిన్న సామర్థ్యము, తక్కువ వోల్టేజి గల వాటిని నేర్చుకొనుటకు గాని, విడి అవసరానికి గాని సొంతంగా రూపొందించవచ్చును. అంతకు మించిన వాటికి ముందుగా ప్రామాణిక సామర్థ్యము సరిపోతుందేమో చూచి, సరిపోనప్పుడు మాత్రమే వివరాలు వ్రాసియిచ్చి చేయించుకొనుట మేలు. చేయించుకొనువారికి కూడ రూపకల్పన సూత్రాలు తెలిసియుండుట అవసరము. అవి తెలిసినవారే సరియైన వివరాలు వ్రాయగలరు, వచ్చిన పరీక్షా ఫలితాలను చదివి మంచిచెడ్డలు తెలుసుకొనగలరు.