కారు ఎత్తు తగ్గిస్తే పట్టు పెరుగుతుందా?

బెంగుళూరు నుంచి హోసూరు వెళ్ళే జాతీయ రహదారి మీద, ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే హెబ్బగోడి వస్తుంది. నేలను తాకుతుందేమో అన్నంత కిందికి దించి, పెద్ద రిమ్ములు బిగించిన కార్లు ఇలాంటి దారుల్లో మీ కంటపడే ఉంటాయి. స్పోర్ట్స్ కారులా కనబడాలని కొందరు, మలుపుల్లో పట్టు పెరగాలని కొందరు ఈ పని చేయిస్తారు. నిజంగా పట్టు పెరుగుతుందా? చూద్దాం.

ముందు మేలు సంగతి. గడ్డి ఎత్తుగా పేర్చిన ఎద్దుబండి మలుపులో ఒరగడం మనకు తెలిసిందే. అంతే బరువున్న రాళ్ళు అడుగున పరిస్తే అంతగా ఒరగదు. కారూ అంతే. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. కారు ఎత్తు తగ్గితే ఆ మార్పు కొంత తగ్గి, నాలుగు టైర్లూ పట్టు పంచుకుంటాయి.

అయితే స్ప్రింగు పొట్టిదైతే చక్రం పైకీ కిందికీ ఆడే చోటు కూడా తగ్గుతుంది. మలుపు మధ్యలో గుంత తగిలి ఆ చోటు చాలకపోతే, టైరు ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. అందుకే పొట్టి స్ప్రింగులను గట్టిగా తయారు చేస్తారు. వాటికి తగిన షాకబ్సార్బర్లూ వేయాలి. డబ్బు కలిసివస్తుందని పాత స్ప్రింగునే కోయించడం చాలా ప్రమాదం. అది తన చోటు నుంచి జారిపోవచ్చు. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారి, టైర్లు లోపలి అంచున త్వరగా అరుగుతాయి. కాబట్టి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్పోర్ట్స్ కారులోనైతే భాగాలన్నీ ఆ తక్కువ ఎత్తుకు తగినట్టు ముందే అమర్చి ఉంటాయి.

ఇక చక్రాలు. 185/65 ఆర్ 15 అనే టైరు పక్కగోడ ఎత్తు 185 మిల్లీమీటర్లలో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. దాని బదులు 195/55 ఆర్ 16 వేస్తే పక్కగోడ 107 మిల్లీమీటర్లే. రిమ్ము ఒక అంగుళం పెరిగినా మొత్తం చక్రం ఎత్తు దాదాపు మారదు, స్పీడోమీటరు లెక్క తప్పదు. పక్కగోడ తక్కువ వంగుతుంది కనుక స్టీరింగు వెంటనే మాట వింటుంది. కానీ గుంతలో పడితే రిమ్మును కాపాడే గాలి తక్కువ. రిమ్ము బరువైనదైతే, గతుకుల మీద చక్రం నేలను అంటిపెట్టుకోలేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తున్న కారును నాలుగు దించితే 13 మిగులుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కితే ఇంకా దిగుతుంది. అడుగున ఉన్న ఆయిల్ సంపు తగిలి పగిలితే, నూనె కారిపోయి ఇంజనే పాడవుతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గరి రేసు ట్రాకుకు పనికొచ్చే ఎత్తు మన వీధులకు పనికిరాదు.

చట్టం మాట కూడా వినండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే స్పష్టం చేసింది.

కాబట్టి పట్టే కావాలంటే ముందు మంచి టైర్లు, సరైన గాలి, అరగని షాకబ్సార్బర్లు చూసుకోండి. కారు ఎత్తు జోలికి పోకుండానే చాలావరకు పట్టు దొరుకుతుంది.