వేసవి యెండలలో పెరటి కోళ్ల సంరక్షణ

పెరటి కోళ్లను పెంచు సభ్యులకు మాఘ ఫాల్గుణములలో కలుగు సంతోషము వైశాఖ జ్యేష్ఠములలో నిలుచుట అరుదు. చలి నాళ్లలో దినము విడిచి దినము గ్రుడ్డు పెట్టిన పెట్ట, ఎండలు ముదిరిన పిదప వారమునకు ఒకటి పెట్టును. అదియును తోలు గ్రుడ్డుగానో, పలుచని పెంకు గలదిగానో ఉండును. ఒకనాటి మధ్యాహ్నము చూచునప్పటికి రెండు మూడు కోళ్లు కాళ్లు చాచి పడియుండును. ఇంటివారు తెగులనుకొందురు, దిష్టి యనుకొందురు. చాలమారు అది తెగులు కాదు, ఎండదెబ్బ. దీనిని గురించి ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయుచున్నాము; ఏలయనగా ఇందు మా తప్పును కూడ చెప్పుకొనవలసి యున్నది.

ఘటకేసరు వైపు పల్లె యొకదానిలో మన సభ్యురాలగు ఒక వితంతువు సంఘమునుండి అప్పు తీసికొని 20 పిల్లలను కొన్నది. కుక్కలు, ముంగిసలు తిరుగు చోటు గనుక, కూలికి పోవునపుడు కోళ్లను మూసి పొమ్మని మేమే చెప్పితిమి. ఆమె చెప్పినట్లే చేసినది. గూడు ఇనుప రేకులతో చేసిన పెట్టె వంటిది. ముందు పలక తలుపు, గాలికి పిడికెడు సందు. రోహిణి కార్తెలో ఒకనాటి సాయంకాలము తలుపు తీయునప్పటికి 13 కోళ్లు చచ్చియుండెను. ముంగిస వచ్చిన ఒకటి రెండు పోయెడివి. మా సలహా పదుమూడింటిని తీసికొనిపోయినది. అప్పు మాత్రము నిలిచినది.

అట్లేల జరిగినదో చూతము. కోడికి చెమట పట్టదు. దాని దేహపు వేడి సహజముగనే 41 డిగ్రీల సెంటిగ్రేడునకు దగ్గరగ నుండును, అనగా మనకు తీవ్రమైన జ్వరము వచ్చినంత. గాలి చల్లగ నున్నపుడు ఆ వేడి తురాయి నుండియు, కాళ్ల నుండియు, రెక్కల క్రింది నుండియు తనంత తానే వెడలిపోవును. గాలియే 40 డిగ్రీలకు వచ్చినపుడు పోవుటకు చోటెక్కడ? అప్పుడు కోడి నోరు తెఱచి రొప్పును. రొప్పునపుడు గొంతులోని తడి ఆవిరియై కొంత వేడిని కొనిపోవును. ఇదియొకటే దానికి మిగిలిన యుపాయము. ఈ యుపాయమునకు నీరు కావలెను, ఆడు గాలి కావలెను. మూసిన రేకుల పెట్టెలో ఈ రెండును లేవు. పైగా 20 కోళ్ల ఊపిరితో లోపలి గాలి తేమయై, రొప్పినను ఫలము లేకపోయినది.

గ్రుడ్డు పెంకు పలుచబడుటకును ఈ రొప్పుటయే ముఖ్య కారణము. ఎడతెగక రొప్పిన కోడి రక్తములోని బొగ్గుపులుసు వాయువు మితిమించి వెలికిపోవును. దానితో పెంకు కట్టుటకు కావలసిన సున్నపు పాకము కుదరదు. దానికి తోడు వేడికి మేత తినుట తగ్గును. సాధారణముగ 30 డిగ్రీలు దాటినది మొదలు ఈ బాధ ఆరంభమగును.

మన దక్కను పీఠభూమి ఎడారి కాదు గాని, చైత్ర వైశాఖములలో ఎడారి గుణములు కొన్ని దానికి పట్టును. ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న మా హబ్సిగూడలోనే చూడుడు: పగలు వడగాలి, పొడి గాలి, ప్రొద్దు క్రుంకిన పిదపను నల్లరాళ్లు వేడిని కక్కుచునే యుండును. ఈ ప్రాంతమున రాతిగోడల నానుకొని కట్టిన కోళ్ల గూళ్లు అర్ధరాత్రి వరకు చల్లబడవు. గూటిని రాతిగోడకు రెండు మూడు గజముల యెడముగ, వేపచెట్టు నీడనో కానుగచెట్టు నీడనో నిలుపుట మంచిది. పొడి గాలివలన మనకొక మేలు కూడ కలదు. తడిపిన గోనెపట్టాలను గాలి వచ్చు వైపున వ్రేలాడదీసిన లోపల చల్లబడును. బందరులోను, నెల్లూరిలోను సముద్రపు తేమ చేత ఈ తడిపట్టా అంతగా పనిచేయదు. అచ్చటివారు గాలి విరివిగ ఆడునట్లు చూచుకొనవలెను. మన వైపున కూడ మామిడి జల్లు పడి ఉక్క పోయుచున్న దినమున పట్టాలను తడుపక చుట్టివేయుడు.

గూడు పొడవు తూర్పు పడమరలుగ నుండవలెను; అప్పుడు ఉదయపుటెండయు, సాయంకాలపుటెండయు పొట్టి గోడలకే తగులును. ప్రక్క గోడలు అడుగున్నర యెత్తు చాలును, ఆపైన ఇనుప జాలి. ముంగిసకు జాలియే మందు, పలక తలుపు కాదు. జాలి కన్నులు చిన్నవిగ నుండవలెను. అడుగున జానెడు లోతు పూడ్చవలెను. కప్పునకు తాటాకునో గడ్డినో మించినది లేదు. ఇదివరకే రేకులు వేసియున్నవారు వానిని పీకనక్కరలేదు. పైన మందముగ జొన్నచొప్ప పరచి, మిట్టమధ్యాహ్నము రెండు మూడుసార్లు నీళ్లు చల్లిన చాలును. చొప్ప లేనిచో తెల్లసున్నము పూసినను కొంత మేలు. చూరు మూడడుగులు ముందుకు వచ్చునట్లు దింపవలెను. ఒక్కొక్క కోడికి రెండు చదరపుటడుగుల చోటు విడువవలెను. ఆమె గూటిలో అందులో సగము కూడ లేకుండెను, మేము కొలిచిచూడలేదు.

నీటి విషయము అన్నిటికంటె ముఖ్యము. చల్లని దినములలో పావు లీటరు త్రాగు పెట్ట, మండుటెండలలో అర లీటరు వరకు త్రాగును. పది కోళ్లకు అయిదు లీటర్లు. ఒక చిప్పలో పొద్దున పోసి పనికి పోయినచో, అది పది గంటలకు కాగి, పండ్రెండింటికి ఒలికిపోయి యుండును. వేడెక్కిన నీటిని కోడి ముట్టదు. మట్టి మూకుళ్లు మంచివి. నీరు చెమర్చి చల్లగ నుండును. వానిని నీడలో రెండు మూడు చోట్ల, సగము వరకు నేలలో పాతి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి మార్చవలెను. పనికి పోవు ఇండ్లలో ముసలివారికో, బడి విడిచి వచ్చిన పిల్లలకో ఈ పనిని అప్పగింపుడు. చిన్న పిల్లలున్నచో మూకుటిలో గులకరాళ్లు వేయుడు, పడి మునుగకుండును.

మేతను తెల్లవారుజామున, మరల సాయంకాలము చల్లబడిన పిదప వేయవలెను. తిన్న మేత అరుగుచు కోడి యొడలిలో వేడి పుట్టించును. ఎనిమిది తొమ్మిది గంటలకు కడుపునిండ తిన్న కోడికి ఆ వేడి సరిగా మిట్టమధ్యాహ్నపుటెండతో కలియును. కాబట్టి తొమ్మిదింటికి జొన్నలు, నూకలు ఎత్తివేయుడు. తినునది తగ్గును గనుక, తిన్న కొంచెములోనే సారముండవలెను: తవుడుతో వేరుసెనగ చెక్క కలుపుట, మునగాకు వేయుట మంచిది. చెక్క బూజుపట్టినదైన పారవేయుడు, అది విషము. మన పెద్దలు చేయు చెదల పద్ధతి ఖర్చులేనిది. పాత కుండలో తడి గడ్డియు, పేడయు కూరి, సాయంకాలము చెదపుట్ట దగ్గర బోర్లించిన, తెల్లవారునప్పటికి పిల్లలకు కావలసినన్ని చెదలు చేరును. నత్తగుల్లల పొడిని సాయంకాలమే పెట్టుడు; పెంకు విశేషముగ రాత్రివేళనే కట్టును.

ఏ జాతి కోడి మేలని సభ్యులు మమ్ము తఱచుగ అడుగుచుందురు. రాజేంద్రనగరములో 1988లో నెలకొల్పబడిన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అను రంగు కోళ్లను వెలువరించినది. అచ్చటి పశువైద్య కళాశాల వారి రాజశ్రీ మరియొకటి. నాటు పెట్ట యేటికి 50, 60 గ్రుడ్లు పెట్టునెడ గ్రామప్రియ దానికి రెండింతలకు పైగ పెట్టును. వనరాజా బరువైన కోడి. బరువు హెచ్చిన కొలది ఎండకు తాళలేమి హెచ్చును. గ్రుడ్లు కోరువారు బరువు తక్కువ దానినే తీసికొనుట మేలని మా అభిప్రాయము. అసీలు కోడి మండుటెండలో కూడ తలయెత్తి తిరుగును గాని గ్రుడ్లు తక్కువ. సంక్రాంతి పందెముల వారు దానికి కట్టు వెలను చూచి మన సభ్యులు మోసపోగూడదు. ఈజిప్టు దేశపు ఫయూమీ కోడి, మెడపై ఈకలు లేని కోడి, ఇవియు ఎండకు ఓర్చునవే.

గ్రుడ్లను పొద్దున ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి తీయవలెను. పుంజుతో కలిసిన పెట్ట గ్రుడ్డు వేసవి వేడికే లోపల పెరుగ నారంభించి, కొలది దినములలో చెడిపోవును. తినుటకు, అమ్ముటకు మాత్రమే పెట్టలను పెంచువారు పుంజును వేరుచేసిన గ్రుడ్లు ఎక్కువ దినములు నిలుచును. ఇసుకలో సగము పాతి, ఆ యిసుకను తడుపుచుండు కుండ మంచి గ్రుడ్ల పెట్టె. పొదుగుటకు మూడు నాలుగు దినములలోపు గ్రుడ్లనే వేయుడు.

కొక్కెర తెగులు టీకా మాట. ఈ మందు వేడికి చచ్చును. ఐసు ఫ్లాస్కులో తేక సంచిలో వేసికొని తెచ్చిన మందు నీళ్లతో సమానము. కలిపిన పిదప గంట రెండు గంటలలో వాడవలెను. తెల్లవారుజామున వేయవలెను గాని ఎండలో కోళ్లను తరుముచు పట్టరాదు. ఎండదెబ్బ తగిలి సోలిన కోడిని నీడకు తెచ్చి, మెడ వరకు చల్లని కుండనీటిలో ముంచి తీసి, గాలి తగులునట్లు ఉంచుడు. మంచునీరు వద్దు.

ఇక సంఘమునకు ఒక విన్నపము. మన సంఘములో పిల్లల అప్పులు ఫాల్గుణములో ఇచ్చుట వాడుకయైనది, లెక్కల సంవత్సరము మార్చితో ముగియును గనుక. ఆ పిల్లలు గూటినుండి బయటికి వచ్చునప్పటికి చైత్రము, కాస్త పెరుగునప్పటికి రోహిణి. అదే యప్పును మృగశిర దాటిన పిదప ఆషాఢ శ్రావణములలో ఇచ్చినచో, పెట్టలు అయిదారు నెలలకు, అనగా పుష్యమాఘములలో గ్రుడ్లు పెట్ట నారంభించి, మొదటి వాయిదా వేసవికి ముందే గ్రుడ్ల సొమ్ముతో తీరును. ఘటకేసరు సభ్యురాలి యప్పును రాబోవు శ్రావణము వరకు వాయిదా వేయవలసినదిగ కార్యవర్గమునకు వ్రాసియున్నాము. ఆమె మిగిలిన 7 పెట్టలకు తాటాకు కప్పు, జాలి గోడలు గల గూటిని మేము దగ్గర నుండి కట్టించితిమి.