రీజియన్ లాక్

ఒక దేశంలో కొన్న గేమ్ మరో దేశపు కన్సోల్‌లో ఆడకుండా కంపెనీ వేసే తాళం ఇది. కొన్ని పాత యంత్రాల్లో ఈ తాళం చూస్తే నవ్వొస్తుంది. 1990లో జపాన్‌లో సూపర్ ఫామికామ్‌గా వచ్చిన నింటెండో యంత్రం 1991లో అమెరికాలో సూపర్ ఎన్‌ఈఎస్ అయింది. ఈ అమెరికా యంత్రంలో గేమ్ క్యాట్రిడ్జ్ దూర్చేచోట లోపల రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు పెట్టారు. అమెరికా క్యాట్రిడ్జ్ వెనక వాటికి సరిపడా గాళ్లుంటాయి, జపాన్‌దానికి ఉండవు. అంతే తేడా! పట్టకారుతో ఆ పళ్లు విరిచేస్తే గేమ్ నడుస్తుంది; అక్షరాలు మాత్రం జపనీసే.

యూరప్ యంత్రాలతో అంత సులువు కాదు. లోపలి తాళం చిప్ వేరు, బొమ్మ సెకనుకు 60 సార్లు కాక 50 సార్లే మారుతుంది. అందుకే సోల్డరింగ్ చేసి, వెనక ఓ చిన్న స్విచ్చు బిగిస్తారు.