పగలాల్సిన తీరులో పగిలే అద్దం

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కు పోయే రోడ్డుకు తెరిపి ఉండదు. బంగినపల్లి, రసాలు, కలెక్టరు మామిడికాయలు నింపుకున్న ట్రాక్టర్లు, ఆటోలు, మినీ ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి. ముందు కంకర టిప్పర్ గానీ పోతోందా, వెనక బండి డ్రైవరుకు గుండెల్లో గుబులే. ఒక్క రాయి ఎగిరిపడితే చాలు, ముందు అద్దం మీద పగులు పాకుతుంది. కొత్త అద్దం ఖర్చు తలుచుకుని తిట్టుకుంటాం గానీ, పగలడం ఆ అద్దం చేసిన తప్పేమీ కాదు. అది ఎలా పగలాలో ముందే రాసిపెట్టి ఉంది.

ఆ రాత ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘానిది. వాహనాల అద్దాలకు వాళ్లది 43వ నిబంధన. మన దగ్గర ఆ పని భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం చూసుకుంటుంది. ముందు అద్దం లామినేటెడ్‌దే అయి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది చెబుతుంది. అంటే రెండేసి మిల్లీమీటర్ల మందాన రెండు గాజు పలకలు, వాటి నడుమ ముప్పావు మిల్లీమీటరు పాలీవినైల్ బ్యూటిరాల్ పొర. గాజు పగులుతుంది, పొర సాగుతుంది, ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. తలుపు అద్దాల సంగతి వేరు. అవి చాలావరకు టఫెన్డ్ గాజు. దెబ్బ తగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి.

పరీక్షలు చూడటానికి మోటుగానే ఉంటాయి. 2.26 కిలోల ఉక్కు గుండును 4 మీటర్ల ఎత్తు నుంచి అద్దం మీదికి వదులుతారు. దెబ్బ తగిలిన 5 సెకన్ల లోపు అది అద్దాన్ని చీల్చుకుని అవతలికి పోకూడదు. 227 గ్రాముల చిన్న గుండుతో మరో పరీక్ష: ఒకసారి అద్దాన్ని 40 డిగ్రీల వేడిలో ఉంచి, ఇంకోసారి సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో ఉంచి. చలి సంగతి మనకెందుకు గానీ, మే నెల ఎండలో తోట గట్టున నిలబెట్టిన బండి అద్దానికి 40 డిగ్రీలంటే లెక్కే కాదు. వేడికి ఆ నడిమి పొర మెత్తబడుతుంది కాబట్టి ఆ వేడి పరీక్ష మన ఊళ్లకు కావాల్సిందే. 

అసలైనది తల పరీక్ష. చెక్కతో చేసి పైన ఫెల్ట్ గుడ్డ తొడిగిన తల ఆకారం, దాని సరంజామాతో కలిపి 10 కిలోలు. దాన్ని మీటరున్నర ఎత్తు నుంచి వదిలితే గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. అప్పుడు అద్దం పగలకపోతే తప్పు! తగిలిన చోటు చుట్టూ గుండ్రంగా పగుళ్లు రావాలి. అన్నిటికన్నా దగ్గరి పగులు 80 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. నడిమి పొర చిరిగినా ఆ చీలిక 35 మిల్లీమీటర్లు దాటకూడదు. మరీ గట్టిదైతే తల పగులుతుంది, మరీ మెత్తనిదైతే తల బయటికి దూసుకుపోయి గాజు అంచులు మెడ కోస్తాయి. ఈ రెంటి మధ్య సన్నటి దారి వెతకడమే ఆ అంకెల పని.

ఇంతా చేసి, మామూలు లామినేటెడ్ అద్దానికి పెట్టే ఈ పరీక్షలో తలకు ఎంత దెబ్బ తగిలిందో కొలవరు. దానికి హెచ్‌ఐసీ అనే వేరే లెక్క ఉంది. అమెరికాలో డెట్రాయిట్ నగరపు వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పుర్రె ఎంత దెబ్బకు చిట్లుతుందో చూసిన పరిశోధనలు దీనికి పునాది. తల ఎంత తీవ్రంగా ఆగింది, ఎంతసేపట్లో ఆగింది అన్న రెంటినీ ఇందులో కలుపుతారు. అయితే తీవ్రతకే బరువెక్కువ. గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చిన తల సెకనులో వందో వంతులో ఒకే తీరుగా ఆగిందనుకోండి, అది భూమ్యాకర్షణకు సుమారు 100 రెట్ల తాకిడి, లెక్క 1000 దగ్గర తేలుతుంది. ఆ కాస్త సమయంలో తల ముందుకు కదిలేది 5 సెంటీమీటర్లు. అదే 10 సెంటీమీటర్లు కదిలి ఆగగలిగితే లెక్క 350కి దిగుతుంది. రెండున్నర సెంటీమీటర్లలోనే ఆగాల్సి వస్తే 2800 దాటుతుంది. చెట్టు మీది కాయ నేలమీద పడితే కమిలిపోయి, చిక్కంలో పడితే నిగనిగలాడుతూ దిగడానికి కారణం కూడా ఆ నాలుగు వేళ్ల జాగానే. సాధారణంగా హద్దుగా పెట్టుకునేది ఆ 1000నే. అయినా 1000 వస్తే గండం గడిచినట్టు అనుకోవద్దు. అంత తాకిడికి కూడా ఆరుగురిలో సుమారు ఒకరికి ప్రాణం మీదికి వస్తుందని అంచనా.

అద్దం నడిబొడ్డున తగిలిన తలకు ఆ జాగా దొరుకుతుంది. అంచుల్లో దొరకదు. పక్కన రేకు స్తంభం, కింద డాష్‌బోర్డు, వైపర్ ఇరుసు, అన్నీ గట్టివే.

43వ నిబంధన ఎక్కువగా పట్టించుకున్నది బండి లోపల కూర్చున్నవాడి తలను. రోడ్డు మీద నడిచేవాడి తల గురించి ప్రపంచ స్థాయి నిబంధన 2008లో గానీ రాలేదు. పెద్దవాళ్లకు 4.5 కిలోలు, పిల్లలకు 3.5 కిలోల తల ఆకారాలను గంటకు 35 కిలోమీటర్ల వేగంతో కారు బానెట్‌కు కొట్టి చూడమంది. ముందు అద్దం మాత్రం అందులో లేదు. ఐరోపాలో కొత్త మోడళ్లకు ఆ పరీక్షను అద్దం మీదికి కూడా విస్తరించింది 2024లోనే.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. డ్రైవరు సీటు ముందు ఇరుసుకు పైన గానీ, దాదాపు పైన గానీ ఉండే చదును ముఖం బండ్లకు ఈ పాదచారి నిబంధన వర్తించదు. బానెట్టే లేదు కాబట్టి సాంకేతికంగా ఆ మినహాయింపుకు అర్థముంది. కానీ మన రోడ్ల మీద కాయ మోసేవి సగానికి సగం అలాంటివే. ఆటో, బస్సు కూడా దాని లెక్కలోకి రావు. నూజివీడుకు దగ్గర్లోనే, మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం మొదలైంది. బస్సుకు ఉండేది మనిషి నిలువెత్తు అద్దం, దాని ముందు ఏ ఆసరా లేదు. రోడ్డు పక్కన నడిచేవాడి తల తగిలితే ఎంత తాకిడి అని అడిగే అంకె దానికింకా రాయలేదు.

అద్దం మార్పించేటప్పుడు మాత్రం చూసుకోగలిగినవి ఉన్నాయి. కింది మూల ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అంకె ఉండాలి. గుండ్రటి గీతలో ‘ఈ’ అక్షరం, పక్కన ‘43ఆర్’ కనబడితే అది ఐరోపా ఆమోదం. లామినేటెడ్ అనే మాట అద్దం మీదే ఉంటుంది. ఈమధ్య కార్లకు అద్దాన్ని రబ్బరు బీడింగుతో కాక పాలీయురేథేన్ గమ్‌తో అతికిస్తున్నారు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో ఆ అద్దాన్నే ఆసరా చేసుకుని విచ్చుకుంటుంది కాబట్టి గమ్ ఆరకముందే బండి తీస్తే ఆ ఆసరా ఊడిపోవచ్చు. ఎన్ని గంటలు ఆగాలో ఆ గమ్ ట్యూబు మీద రాసే ఉంటుంది, మెకానిక్‌ను అడిగి చూపించుకోవచ్చు.